రెండు తెల్ల చుక్కలు

మా అన్నయ్యని ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. హైస్కూలు పిల్లలకి సున్నం సార్. టీచర్లకి వట్టి సున్నం. సార్ అనే మాట వాళ్లు తమకోసం దాచుకుంటారు. నాకు అన్నయ్య, కోపం వచ్చిన రోజు ఒరేయ్ అన్నయ్య. మా అమ్మాయికి మావయ్య. ఎవరు ఎలా పిలిచినా ఆయన పలికేది మాత్రం ఒకటే, "ఊఁ".

అన్నయ్య హైస్కూలు ఆటస్థలం చూసుకుంటాడు. గడ్డి కోయడం, నీళ్లు పెట్టడం, చిరిగిన గోల్ వలలు అల్లడం, వారం వారం గీతలు గీయడం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. శుక్రవారం సాయంత్రం సగానికి కోసిన డ్రమ్ములో సున్నం నానబెడతాడు. శనివారం పొద్దున్నే ప్రహరీ గోడ దగ్గరికి వెళ్తాడు. ఆ గోడకి సరిగ్గా పదకొండు మీటర్ల ఎడంలో రెండు మేకులు కొట్టి ఉంటాయి. తన తాడుని ఆ మేకుల మధ్య లాగి చూసుకుంటాడు. సాగి ఉంటే ముడి విప్పి మళ్లీ వేస్తాడు. "టేపు కొనిస్తానయ్యా బాబూ" అని హెడ్మాస్టరు ఎన్నిసార్లు చెప్పినా వినడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అయితే ఆ గీతలు చూశాక కుందేటికి నిజంగానే మూడు కాళ్లున్నాయేమోనని మనకే అనుమానం వస్తుంది. అంత తిన్నగా ఉంటాయి.

పెనాల్టీ కొట్టేటప్పుడు బంతి పెట్టే చుక్క వేయడానికి ఆయన దగ్గర ఒక రేకు రింగు ఉంది, రంగు డబ్బా కోసి చేసుకున్నది. గోల్ గీత నుంచి తాడు లాగి, ముడి వచ్చిన చోట రింగు పెట్టి, లోపల కుంచెతో సున్నం నింపుతాడు. ఆ రింగు ఎప్పుడో చేయిజారి ఒకవైపు సొట్టపోయింది. అందుకే మా స్కూలు చుక్క పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక పక్క ఎవరో కొరికినట్టుంటుంది. కొత్త రింగు చేసుకోవచ్చు కదా అంటే, "బంతికి తెలీదులే" అంటాడు.

నేను స్కూలు యూనిఫారాలు కుడతాను. ఎదిగే పిల్లలు కదా అని లోపల మడత కాస్త ఎక్కువ వదిలి కుట్టడం నాకు అలవాటు. అన్నయ్య సంగతి చెప్పాలంటే ఆ లోపలి మడత విప్పాలి.

ఆయనకి పదిహేడేళ్లప్పుడు, హైస్కూలు చివరి సంవత్సరంలో, ఫైనల్ పరీక్షలు ఇంకా మూడు నెలలున్నాయనగా, పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు వచ్చి ఎగరేసుకుపోయారు. మా నాన్న కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. చదువుతూ కూర్చుంటే క్లబ్బువాళ్లు ఎక్కడ మనసు మార్చుకుంటారోనని ఆయన భయం. అన్నయ్య పేరు, ఫోటో ఉన్న హాల్ టికెట్టు స్కూలు నుంచి వచ్చేసరికి అన్నయ్య లేడు. అమ్మ దాన్ని తన సూదీదారాల రేకు పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది, అందులో ఆ టికెట్టూ ఉంది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మాకున్నవి రెండు గదులు. వెనక గదికి ఒక్కటే కిటికీ, దాని కింద అన్నయ్య మంచం. ఆయన వెళ్లేది రేపనగా, ఇవాళే నా పుస్తకాలన్నీ తెచ్చి ఆ కిటికీలో సర్దేశాను. అన్నయ్య చూసి నవ్వాడు. "ఒక్క రాత్రి ఆగలేవే?" అన్నాడు. ఆగలేకపోయాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద ఒళ్లు మండుతుంది.

అక్కడి నుంచి ఉత్తరాలు వచ్చేవి. నాలుగు ముక్కలకన్నా ఎక్కువ రాసేవాడు కాదు. "బాగున్నాను. ఈ వారం గెలిచాం. మోకాలికి ఏం కాలేదు. చెల్లిని చదువుకోమను." ఆ "గెలిచాం" అన్న మాటని మా నాన్న వీధి చివర దాకా మోసుకెళ్లి అందరికీ పంచేవాడు. నేను బళ్లో పంచేదాన్ని. మూడేళ్లు అలా గెలుస్తూనే ఉన్నాం. నాలుగో ఏడు మొదట్లో అన్నయ్య సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు, కుడి మోకాలికి కట్టుతో. క్లబ్బుతో తెగిపోయింది.

అప్పుడైనా పరీక్ష రాసి ఉంటే బాగుండేది. రాయలేదు. తనకన్నా నాలుగేళ్లు చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి మొహం చెల్లలేదు. ఊరంతా మొనగాడని చెప్పుకునేవాడు హైస్కూలు పరీక్ష రాస్తాడా? రేపు, వచ్చే ఏడు అంటూ జరిపాడు. రెంటికీ చెడ్డ రేవడి అని నాన్న ఒకసారి నోరు జారాడు. మర్నాడే అన్నయ్య వెళ్లి ఆటస్థలం పనిలో చేరాడు.

ఆ తర్వాత ఆ స్కూలుకి ఆటల మాస్టర్లు ఐదుగురు వచ్చారు, పోయారు. ఒకాయనకైతే ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అన్నయ్యే చెప్పాల్సి వచ్చింది. పిల్లలకి నేర్పేది అన్నయ్య, కాగితం మీద ఉండేది మాస్టరు. ఆ ఉద్యోగానికి కనీసం హైస్కూలు పాసవ్వాలి. మ్యాచి రోజున మాస్టరు బెంచీ మీద కూర్చుంటాడు, మా అన్నయ్య ఆటస్థలం చుట్టూ కట్టిన తాడు బయట సున్నం బకెట్టు పక్కన నిలబడతాడు. ఆట మొదలయ్యాక ఆయన మొహం చూడాలి. బంతి ఎటు పోతే భుజం అటు కదులుతుంది. ఇన్నేళ్లలో ఆ భుజానికి అలుపు రాలేదు.

ఇక మా అమ్మాయి. పిల్ల కాదు, పిడుగు. ఇంట్లో పిలుపూ అదే. నడక వచ్చిన నాటి నుంచీ మావయ్య వెనకే. నేను గౌన్లు కుట్టి తొడిగితే అది వాటిని గడ్డిలో పొర్లించి ఆకుపచ్చ చేసి తెచ్చేది. పదేళ్లకి అబ్బాయిల్ని దాటించి బంతి తీసుకుపోయేది. ఆ చుక్క మీద బంతి పెట్టి ఐదడుగులు వెనక్కి వెళ్లి కొట్టిందంటే, ఎడమ స్తంభం మొదట్లో నేలకి ఆనుకుని వలలో పడాల్సిందే. రోజుకి యాభై సార్లు కొట్టించేవాడు అన్నయ్య. "కళ్లు మూసుకున్నా కాలికి దూరం తెలియాలే" అనేవాడు.

దానికి పదిహేడు నిండి, చివరి సంవత్సరం పరీక్షలకి పదకొండు వారాలు ఉండగా, క్లబ్బు మనిషి వచ్చాడు. పాత క్లబ్బు కాదు, ఆడపిల్లల జట్టు ఉన్న వేరే క్లబ్బు. మర్యాదస్తుడే. మా ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు. "శనివారం మా జూనియర్ జట్టుతో మీ స్కూలుకి మ్యాచి పెడదాం. ఆట అయ్యాక మా గోలీని, అదే గోల్‌కీపర్ని, నిలబెట్టి అమ్మాయితో ఐదు పెనాల్టీలు కొట్టిస్తాను. నాలుగు పడితే తీసుకుంటాం. సోమవారం నుంచే క్యాంపు."

"మరి పరీక్షలు?" అన్నాను.

"అవి ఎప్పుడైనా రాసుకోవచ్చు కదండీ. వయసు మళ్లీ రాదు."

ఎప్పుడైనా రాసుకోవచ్చన్న మాట మా ఇంట్లో ఎంత పాతదో పాపం ఆయనకేం తెలుసు. మా ఆయన బస్సు నడుపుతాడు. రోడ్డు మీద ఎంత ధైర్యమో ఇంట్లో అంత జాగ్రత్త. ఏ సంగతి అడిగినా ఒకటే సమాధానం: "మీ అన్నయ్యనడుగు." అడిగాను.

శుక్రవారం సాయంత్రం అన్నయ్య డ్రమ్ము దగ్గర వంగి కర్రతో సున్నం కలుపుతున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. పలకరింపుల్లేవు, సూటిగానే మొదలుపెట్టాను.

"నువ్వు చెప్తే వింటుంది అన్నయ్యా. పరీక్షలయ్యాక వెళ్లమను."

"పరీక్షలయ్యాక వాళ్లు పిలవరు."

"పిలవకపోతే పోనీ. లోకంలో అందరూ బంతి తన్నే బతుకుతున్నారా?"

"నేను చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు? నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అది కూడా నీలాగే అవ్వాలా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు, అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అన్నయ్య తలెత్తలేదు. కర్ర తిప్పుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ ఆ రేకు పెట్టె మూత తీసినప్పుడల్లా పైనే ఉండే ఆ హాల్ టికెట్టుని కాసేపు చూసి, కింద పెట్టి, తర్వాత సూది తీసుకునేది. నాకు ఆ బతుకు వద్దు.

"ఎలాగైనా ఆపు అన్నయ్యా. నీకు దణ్ణం పెడతాను. ఎలాగైనా సరే."

"ఊఁ" అన్నాడు, కర్ర డ్రమ్ము అంచుకి ఆనించి.

శనివారం పొద్దున మబ్బు పట్టి ఉంది. గడ్డి నిండా మంచు తడి. నేను వెళ్లేసరికి గీతలు గీయడం అయిపోయింది, గోల్ ముందు చుక్క తెల్లగా ఉంది. అన్నయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతిలో ఖాళీ నీళ్ల బకెట్టు. "ఇంత తడిలో మళ్లీ నీళ్లెందుకు?" అని అడిగాను. వినపడనట్టు వెళ్లిపోయాడు.

ఆట తొమ్మిదికి మొదలైంది. నాకు ఆట అర్థం కాదు, నా కూతురు మాత్రం అర్థమవుతుంది. పడ్డప్పుడు లేచింది, తిట్టినప్పుడు నవ్వింది, ఒక గోలు వేసింది. మావాళ్లు రెండు ఒకటితో ఓడారు. పది దాటేసరికి మబ్బు విడి ఎండ చుర్రుమంది. పిల్లలు నీళ్లు తాగుతున్నారు. క్లబ్బు మనిషి తమ గోలీ అమ్మాయిని పిలిచి గోల్లో నిలబెట్టాడు. మా పిడుగు బంతి చంకన పెట్టుకుని చుక్క దగ్గరికి నడిచింది. నడిచి, ఆగిపోయింది.

అక్కడ రెండు చుక్కలున్నాయి.

ఒకటి తెల్లగా ఉంది. దానికి ఒక పెద్ద అడుగు వెనక, గోలుకి దూరంగా, ఇంకొకటి, కాస్త పలచగా, చెదిరినట్టుగా. పొద్దున లేదు. కడిగి పలచబడ్డ సున్నం తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఇరవై రెండేళ్లు సున్నంతో కాపురం చేసిన మనిషికి ఈ సంగతి తెలియక కాదు. చీకట్లో దూరంగా చుక్క వేసి, మనసొప్పక, నీళ్లు కొట్టి కాలితో రుద్ది, సరైన చోట మళ్లీ వేసి ఉంటాడు. తడిలో పోయిందనుకున్నది ఎండలో పైకి తేలింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల. కానీ ఆ అడుసులోకి తోసింది నేను.

"ఇదేమిటి, రెండున్నాయి?" అన్నాడు క్లబ్బు మనిషి. చుట్టూ పిల్లలు నవ్వారు. సున్నం సార్ ఆటస్థలంలో తప్పు చుక్క అంటే, అది ఆ స్కూలు పుట్టిన తర్వాత మొదటి వింత. క్లబ్బు మనిషి గోల్ గీత దగ్గరికి వెళ్లి అడుగులు కొలవబోయాడు.

"కొలవక్కర్లేదు సార్," అంది మా పిడుగు. "మా మావయ్యనడగండి. ఎక్కడ చూపిస్తే అక్కణ్ణుంచే కొడతా."

తాడు బయట నిలబడ్డ అన్నయ్య కదల్లేదు. నేను గోడ వారన రేకుల నీడలో ఉన్నాను. మా ఇద్దరి మధ్యా ఆటస్థలం అంతా ఉంది. అంత దూరం నుంచీ ఆయన నా వైపే చూశాడు. ఏం చేయమంటావని అడిగినట్టు చూశాడు. వెనక చుక్క చూపిస్తే చాలు. ఆ గోలీ చేతులు పొడుగు, ఆ దూరం నుంచి దొర్లుతూ వచ్చే బంతి దానికి అందుతుంది. పిల్ల ఇంట్లో ఉంటుంది, పరీక్ష రాస్తుంది, పాసవుతుంది. ఎవరికీ తెలియదు. నేను తల ఊపలేదు. అడ్డంగానూ తిప్పలేదు. ఇంత నోరున్న దాన్ని, అప్పుడు మాత్రం కుక్కిన పేనులా ఉండిపోయాను.

అన్నయ్య తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచి వెళ్లి, ముందు చుక్క పక్కన బొటనవేలు ఆనించాడు. "ఇది," అన్నాడు. తర్వాత వెనక్కి వెళ్లి, ఆ రెండో చుక్క మీద మట్టి పోసి, వంగి అరచేత్తో మెత్తాడు. లేచేటప్పుడు మోకాలు పట్టుకున్నాడు.

ఐదింట్లో నాలుగు పడ్డాయి. ఐదోది స్తంభానికి తగిలి బయటికి పోయింది. నేను నాలుగోదాని దగ్గరే లెక్క ఆపేశాను.

ఆ సాయంత్రం వేళకి కాగితం మా ముందు గది బల్ల మీద ఉంది. క్లబ్బు మనిషి ఆదివారం మధ్యాహ్నం దాకా టైమిచ్చాడు. పిల్లకి ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా సంతకం కావాలి. మా ఆయన డ్యూటీ ఉందని చెప్పి, ఎప్పటిలాగే, "మీ అన్నయ్య ఉన్నాడుగా" అని వెళ్లిపోయాడు. అన్నయ్య ఆ కాగితం మొత్తం చదివాడు. వేలు పెట్టుకుని, ఒక్కొక్క వరసా. ఏడు పేజీలు. గంట పట్టింది. తన కాగితంలో ఏముందో ఆయన ఇంతవరకూ చదవలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"పరీక్షకి సెలవిస్తామని ఇందులో లేదు," అన్నాడు.

"అడిగాను మావయ్యా. మ్యాచి లేకపోతే పంపిస్తామన్నారు."

"మ్యాచి ఉంటుంది."

పిడుగు ఆ పేజీ వైపు చూసింది. తర్వాత అంది, "ఆ రెండో చుక్క నువ్వే వేశావు కదా?"

అన్నయ్య నా వైపు చూశాడు.

"దానికీ పక్కన కొరుకుడుంది. రింగు సొట్ట. అందరూ ఎవరో ఆకతాయి పని అనుకున్నారు. నాకు చూడగానే తెలిసింది."

"తెలిసీ నన్నెందుకు అడగమన్నావే?"

"నువ్వు అబద్ధం చూపిస్తే వెళ్లకూడదనుకున్నా."

నేను ఉండబట్టలేకపోయాను. "నేనే చెప్పానే. ఎలాగైనా ఆపమని నేనే ఏడ్చాను. మావయ్య తప్పు లేదు." కోపం వస్తుందేమో, అరుస్తుందేమోనని చూశాను. అది నా వైపు చూసి, "నువ్వే అయ్యుంటావనుకున్నాలే అమ్మా" అంది. తిట్టినా ఇంకాస్త బాగుండేది.

తర్వాత మావయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఒక్కటి నిజం చెప్పు. నా చోట నువ్వుంటే ఏం చేస్తావు?"

అన్నయ్య కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు. ఆయన ఏకబిగిన అంతసేపు మాట్లాడటం నేను ఆ రోజే విన్నాను.

"నేను ఆడలేదే," అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"మూడేళ్లు. ఒక్క నిమిషం కూడా ఆడలేదు. బెంచీ మీద కూర్చున్నా. ప్రాక్టీసులో ఆడేవాణ్ణి, మ్యాచిలో కూర్చునేవాణ్ణి. జట్టు గెలిస్తే ఇంటికి గెలిచాం అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు కదా అది. ఒక్కసారి పిలిచారు. రెండో ఏడు. లేచి, జెర్సీ సర్దుకుని, పక్క గీత దగ్గర నిలబడ్డా. నా నంబరు పైకెత్తారు. బంతి బయటికి వెళ్తే నేను లోపలికి వెళ్లాలి. బంతి బయటికి వెళ్లలేదు. తిరుగుతూనే ఉంది. రెఫరీ విజిల్ ఊదేశాడు. ఆట అయిపోయింది. బూటు ముందు గీత, గీత అవతల గడ్డి. ఇంత దూరం." రెండు వేళ్లు ఎడం చేసి చూపించాడు. "మళ్లీ పిలవలేదు. ఆ తర్వాత మోకాలు."

నాన్న పోయేదాకా చెప్పుకున్న గెలుపులన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. బెంచీ చివర కూర్చుని, గెలిచాం అని నాలుగు ముక్కలు రాసి, నన్ను చదువుకోమన్న పిల్లాడు గుర్తొచ్చాడు. వాడి కిటికీలో నా పుస్తకాలు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"అయితే వెళ్లొద్దంటావా?" అంది పిడుగు.

"నువ్వు అడిగింది అది కాదు కదా. నీ చోట నేనుంటే ఏం చేస్తాననే కదా అడిగావు? మళ్లీ వెళ్తాను. తెలిసి తెలిసి మళ్లీ వెళ్తాను. ఆ రెండు వేళ్ల దూరం కోసం వెళ్తాను." ఆ రెండు వేళ్లూ మడిచేశాడు. "అందుకే ఈ సంగతి నన్నడక్కు. నేను సరైన మనిషిని కాదు."

ఎవర్ని అడగాలి మరి? ఇరవై రెండేళ్లు నేను మా అన్నయ్యని చూసి, అయ్యో చదువు పాడైందే అని బాధపడుతున్నాను. ఆయన బాధ అది కాదు. చదువుంటే మాస్టరయ్యేవాడు, బెంచీ మీద కూర్చునేవాడు, నిజమే. కానీ ఆయనకి బెంచీ అక్కర్లేదు. నేను ఒకవైపు చిరుగు కుడుతుంటే బట్ట ఇంకోవైపు చిరిగి ఉంది. ఇక పిల్ల మొహం చూశాను. దాని మొహం నిండా ఆ పక్క గీతే ఉంది. ఆపితే ఆగుతుంది, నేను తల్లిని. ఆగి, నా కళ్ల ముందే తాడు బయట నిలబడుతుంది, ఇంకో ఇరవై ఏళ్లు భుజం కదుపుతూ.

సంతకం పెట్టాను. పెట్టి, పెన్ను మూతపెట్టి, "పుస్తకాలు తీసుకెళ్లకపోతే కాళ్లు విరగ్గొడతా" అన్నాను.

సోమవారం పొద్దున బస్సు ఎక్కించాం. తోలేది మా ఆయనే. కూతుర్ని తనే తీసుకెళ్లాలని ఆ రూటు డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు. నోరు విప్పని మనిషికి అంత పని తెలుసని నాకు తెలియదు. అన్నయ్య రాలేదు. ఆ రోజు ఆటస్థలానికి వెళ్లి, సోమవారం అయినా సరే, గీతలన్నీ మళ్లీ గీశాడట. ఇంటికొచ్చాక నేను దాని మంచం సర్దాను. ఆ మంచం పక్క కిటికీ జోలికి మాత్రం పోలేదు. కుట్టు మిషన్ అక్కడ పెట్టుకుంటే వెలుతురు బాగుంటుందని మా ఆయన అన్నాడు. "నోర్ముయ్యండి" అన్నాను.

పదకొండు వారాలూ గడిచాయి. అన్నయ్య అన్నట్టే అయింది. పరీక్షల వారంలో వాళ్లకి దూరపు ఊళ్లో మ్యాచి పడింది. ఫోన్లో పిడుగు ఏడ్చింది. నేను కాసేపు అరిచాను, తర్వాత నేనూ ఏడ్చాను. హాల్ టికెట్టు స్కూలు నుంచి నేనే తెచ్చాను. ఫోటోలో రెండు జడలతో, కోపంగా చూస్తోంది. రేకు పెట్టెలో పెట్టడానికి చేతులు రాలేదు, వేరే చోటు లేదు. దాని మావయ్య టికెట్టు మీదే పెట్టాను.

ఆ మ్యాచి రోజు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ని టీవీకి తగిలించాడు. అన్నయ్య వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆట మొదలైంది. పిడుగు బెంచీ మీద ఉంది. కెమెరా అటు తిరిగినప్పుడల్లా చూశాం, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. సగం ఆట అయింది. వాళ్ల జట్టు ఒక గోలు వెనకబడింది. ఇంకో అరగంట పోయింది. నేను యూనిఫారం అంచు కుడుతూ రెండుసార్లు వేలికి పొడుచుకున్నాను.

ఆరు నిమిషాలుందనగా అది లేచింది. జెర్సీ సర్దుకుంది. పక్క గీత దగ్గరికి వచ్చి నిలబడింది. దాని నంబరు పైకెత్తారు.

బంతి బయటికి వెళ్లలేదు.

ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంది. ఐదు నిమిషాలు. నాలుగున్నర. నేను టీవీ చూడటం మానేశాను. మా అన్నయ్యనే చూస్తున్నాను. గుమ్మం చెక్క పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. బంతి ఎటు పోతే భుజం అటు కదులుతోంది. నాలుగు. "తన్నండే, బయటికి తన్నండే" అని మా ఆయన టీవీ మీద అరిచాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన అరవడం నేను వినడం అదే.

బంతి బయటికి వెళ్లింది.

అన్నయ్య కుడికాలు ముందుకు పడింది. గుమ్మం దగ్గర్నుంచి ఒక్క అడుగు, గదిలోకి. "వెళ్లింది," అన్నాడు. "లోపలికి వెళ్లింది." అని కుర్చీలో కూలబడ్డాడు. మిగతా ఆట ఆయన చూడలేదు, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేనే చూసి చెప్పాను. రెండుసార్లు బంతి తాకింది. ఒకసారి కింద పడింది. గోలేమీ వేయలేదు.

గంట తర్వాత ఫోన్ మోగింది. నా ఫోనే, కానీ అది అడిగింది మావయ్యని. అందరికీ వినపడేలా పెట్టాను.

"మావయ్యా," అంది, ఇంకా రొప్పుతూనే ఉంది. "ఓడిపోయాం. నేను ఆడాను."

అన్నయ్య తువ్వాలు తీసి ఫోను దగ్గరికి జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, పక్కన మేమెవరమూ లేనట్టు అడిగాడు.

"లోపల గడ్డి ఎలా ఉందే?"

అది చెప్తూ పోయింది. కురచగా కోశారని, తడి ఉందని, మన గడ్డికన్నా మెత్తగా ఉందని, మొదటి అడుగుకి కాలు జారబోయిందని. అన్నయ్య కళ్లు మూసుకుని విన్నాడు. బూట్లు లేని కాళ్లు, సున్నంతో పగిలిన కాళ్లు, నేల మీద మెల్లగా కదిలాయి. హాల్ టికెట్టు సంగతి ఎత్తుదామనుకున్న నేను ఆ రోజుకి ఊరుకున్నాను.